బలమైన నేల, మానని గాయం

గ్యాంగ్రీన్ అంటే మనిషి బతికుండగానే ఒంట్లో కొంత భాగం చచ్చిపోవడం. రక్తం అందక కొన్నిసార్లు, క్రిములు చేరి కొన్నిసార్లు. వీటిలో మహా ప్రమాదకరమైనది గ్యాస్ గ్యాంగ్రీన్. కండ ఉబ్బి, నొక్కితే లోపల గాలిబుడగలు చిటపటమంటాయి.

1899-1902 మధ్య దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ వైద్యులు ఒక పాఠం నేర్చుకున్నారు: తూటా గాయాన్ని ఎక్కువ కెలక్కుండా కట్టు కట్టేస్తే మానిపోతుందని. అక్కడి పొడి నేలలో అది నిజమే. 1914లో అదే పాఠంతో ఫ్రాన్స్, బెల్జియం వెళ్ళారు. అక్కడివి తరతరాలుగా పశువుల పెంట తోలిన పొలాలు. ఆ మట్టి నిండా క్లాస్ట్రిడియం అనే క్రిమి బీజాలు. ఫిరంగిగుండ్ల ముక్కలు ఆ మట్టినీ, బురద పట్టిన బట్ట పీలికలనీ కండలోకి దూర్చేవి. ఈ క్రిమికి ప్రాణవాయువు గిట్టదు. గాయాన్ని మూసి కుట్టడమంటే దానికి ఇల్లు కట్టివ్వడమే.

క్రిమి కొత్తదేం కాదు. బాల్టిమోర్‌లో విలియం వెల్చ్ 1892లోనే దాన్ని గుర్తించాడు. మారినది నేల, ఆయుధం.

చివరికి బెల్జియం సర్జన్ ఆంట్వాన్ దెపాజ్ వంటివారు దారి మార్చారు. చచ్చిన కండనంతా కోసేసి, గాయాన్ని తెరిచే ఉంచి, కారెల్, డేకిన్‌ల పద్ధతిలో పలచటి బ్లీచ్ ద్రావణంతో కడిగి, శుభ్రపడ్డాకే కుట్టేవారు. పెనిసిలిన్ వాడకంలోకి రావడానికి ఇంకా పాతికేళ్ళుంది. అది వచ్చాక కూడా కత్తి పని తప్పలేదు. రక్తం అందని చచ్చిన కండలోకి మందు చేరదు కదా! అందుకే ఈనాటికీ యాంటీబయాటిక్స్ ఎక్కిస్తూనే, ఆలస్యం చెయ్యకుండా కత్తి పడతారు.