సంతకం లేని బాండ్లు - విడిపోయే హక్కు

ట్రెజరీలో ముప్పై ఏళ్లు బిల్లులు పరిశీలించినవాణ్ణి. అందుకే కాబోలు, యూనియన్ నుంచి విడిపోయే హక్కు రాష్ట్రానికి ఉందా అన్న పెద్ద ప్రశ్న అమెరికాలో ఒక సంతకం తగాదాలో తేలిందని చదివినప్పుడు నాకు భలే ఆసక్తి కలిగింది.

టెక్సాస్ తన సరిహద్దు దావాలు కొన్ని వదులుకున్నందుకు 1850లో అమెరికా ప్రభుత్వం కోటి డాలర్ల బాండ్లు మంజూరు చేసింది. అవి చేతులు మారేముందు గవర్నరు వెనుక సంతకం పెట్టాలని టెక్సాస్ చట్టం చేసుకుంది. 1861లో విడిపోయానని ప్రకటించుకుని, మరుసటి ఏడు ఆ నిబంధన ఎత్తేసింది. (మన ఆడిట్ వాళ్లయితే ఊరుకునేవారా!) యుద్ధం ముగింపుకొచ్చిన 1865 జనవరిలో కొన్ని బాండ్లను వైట్, చైల్స్ అనేవారికి అమ్మింది. బదులుగా పత్తి ఏకే పరికరాలు, మందులు రావాలి.

ఓటమి తరువాత, ఆ బాండ్లు తనవేనంటూ 1867లో టెక్సాస్ నేరుగా సుప్రీంకోర్టుకెక్కింది. అలా వెళ్లాలంటే అది యూనియన్‌లో రాష్ట్రమై ఉండాలి. విడిపోయానన్నది ఇంకా రాష్ట్రమేనా?

1869 ఏప్రిల్ 12న ప్రధాన న్యాయమూర్తి సాల్మన్ చేజ్ తీర్పు చెప్పారు. యూనియన్ విచ్ఛిన్నం కానిది, అందులోని రాష్ట్రాలూ అంతే. విప్లవమో, తక్కిన రాష్ట్రాల సమ్మతో తప్ప బయటికి దారి లేదు. విడిపోతామన్న తీర్మానం చెల్లదు, తిరుగుబాటుకు సాయంగా జరిగిన ఆ అమ్మకమూ చెల్లదు. యుద్ధకాలంలో లింకన్ ఖజానా మంత్రి ఈ చేజ్ గారే! ముగ్గురు న్యాయమూర్తులు టెక్సాస్‌కు దావా వేసే అర్హత లేదన్నారు. కాంగ్రెస్‌లో ప్రతినిధులు లేని, సైన్యం ఏలుతున్న ప్రాంతం రాష్ట్రమెలా అవుతుందని వారిలో గ్రయర్ అడిగారు. అది తీసిపారేయదగ్గ మాట కాదు. యుద్ధం తేల్చినదానికి కోర్టు నాలుగేళ్ల తరువాత ఫైల్లో నోటు రాసిందనే నా అభిప్రాయం.

మన అంబేద్కర్ గారికి ఇదంతా తెలుసు. అమెరికాలో ఈ సంగతి తేలడానికి అంతర్యుద్ధం కావలసివచ్చిందని, అందుకే ముందే స్పష్టం చేస్తూ ‘యూనియన్’ అన్న మాట వాడామని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో చెప్పారు. మన యూనియన్ రాష్ట్రాల ఒప్పందంతో పుట్టలేదు, కనుక విడిపోయే హక్కూ లేదు.

అయితే చేజ్ మాటలో రెండో సగం మనకు వర్తించదు. మూడో అధికరణ కింద పార్లమెంటు రాష్ట్రాన్ని విభజించవచ్చు. శాసనసభ అభిప్రాయం అడగాలి, పాటించనక్కర్లేదు. 2014 జనవరిలో మన శాసనసభ బిల్లును తిరస్కరించినా జూన్ 2న రాష్ట్రం రెండయింది. పెన్షన్ల భారాన్నీ జనాభా నిష్పత్తిలో పంచారు. నా పి.పి.ఓ. మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనే ఉంది. పెన్షను మాత్రం తెలంగాణ ట్రెజరీ నుంచి వస్తోంది.