ఓహేర్: ఒక పగలు, ఒక రాత్రి

చికాగోలో ఉద్యోగాలు చేసే పిల్లల్ని చూడడానికి మన కొండాపురం వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు చాలామంది దిగేది ఓహేర్ విమానాశ్రయంలోనే. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన నౌకాదళ పైలట్ ఎడ్వర్డ్ ఓహేర్ పేరును 1949లో దానికి పెట్టారు. ఇక్కడివాళ్లు ఆయన గురించి ఒక పగటి కథే చెప్తారు. నాకు మాత్రం ఆయన చివరి రాత్రి అంతకన్నా పెద్దదనిపిస్తుంది.

ముందు ఆ పగలు. 1942 ఫిబ్రవరి 20. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి మూడు నెలలు కూడా కాలేదు. లెక్సింగ్టన్ అనే విమానవాహక నౌక పసిఫిక్‌లో జపాన్ స్థావరం రబౌల్ వైపు పోతోంది. మొదట వచ్చిన బాంబర్ల వెంట మిగతా ఫైటర్లు పడ్డాయి. అంతలో ఇంకో దిక్కు నుంచి ఎనిమిది బాంబర్లు. అడ్డుకోవడానికి మిగిలింది ఓహేర్, ఆయన జతగాడు. ఆ జతగాడి తుపాకులు మొరాయించాయి. ఇక ఓహేర్ ఒక్కరే.

ఆయన వైల్డ్‌క్యాట్ విమానానికి నాలుగు మెషిన్ గన్లు, ఒక్కోదానికి 450 తూటాలు. ఆపకుండా కాలిస్తే 34 సెకన్లలో అయిపోతాయి. మన స్టేషన్లో ప్యాసింజరు రైలు ఆగినంత సేపు కూడా కాదు. అందుకే దగ్గరికంటా పోయి, ఇంజన్లకు గురిపెట్టి, పొదుపుగా కాల్చారు. నాలుగు నిమిషాల్లోపే అయిదు కూల్చారని నౌకాదళం రాసుకుంది. తర్వాత జపాన్ రికార్డులు తిరగేసినవాళ్లు ఆయన చేతిలో పడినవి మూడేనని, ఇంకొన్ని దెబ్బతిన్నాయని తేల్చారు. మూడే అయినా ఆ పని విలువ తగ్గదు. నౌకకు ఒక్క బాంబూ తగల్లేదు మరి. ఏప్రిల్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

అలాంటి వైల్డ్‌క్యాట్ ఒకదాన్ని విమానాశ్రయం రెండో టెర్మినల్లో పెట్టారు. చక్రాలు పైకి లాగాలంటే పైలట్ చేత్తో హ్యాండిల్‌ను ముప్పై సార్ల దాకా తిప్పాల్సిన విమానం అది. దాన్ని మిషిగన్ సరస్సు అడుగు నుంచి తీశారు. యుద్ధకాలంలో నౌక మీద దిగడం నేర్పడానికి రెండు పాత స్టీమర్ల మీద డెక్ కట్టి ఆ సరస్సులో తిప్పేవారు. నేర్చుకునేవాళ్ల చేతుల్లో వందకు పైగా విమానాలు మునిగాయి. విదేశీ విమానాలు ఎక్కువగా అయిదో టెర్మినల్‌కు వస్తాయి కాబట్టి ఇది మనవాళ్ల కంట పడదు.

ఓహేర్ తండ్రి లాయరు. గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ పన్ను కేసులో ప్రభుత్వానికి లోపాయికారీగా సాయపడ్డారు. 1939లో ఆయన్ని చికాగోలో కాల్చి చంపారు. కొడుక్కి నౌకాదళ అకాడమీలో సీటు కోసమే ఆ సాయం చేశారంటారు. రుజువు లేదు, నేను నమ్మను.

మెడల్ వచ్చాక సొంత ఊరు సెయింట్ లూయిస్‌లో ఊరేగించారు. కొత్త పైలట్లకు శిక్షణ ఇస్తూ ఓహేర్ అమెరికాలోనే ఉండిపోవచ్చు. ఉండలేదు. 1943 చివర్లో గిల్బర్ట్ దీవుల దగ్గర జపాన్ విమానాలు పొద్దుగూకాక వచ్చి టార్పెడోలు వదలసాగాయి. నౌక మీది ఫైటర్లకు చీకట్లో పోరాటం అప్పటికి అలవాటు లేదు. ఎంటర్‌ప్రైజ్ నౌకలో ఎయిర్ గ్రూప్ కమాండర్‌గా ఉన్న ఓహేర్ తోటివాళ్లతో కలిసి ఒక పద్ధతి కూర్చారు. రాడార్ ఉన్న అవెంజర్ విమానం దారి చూపాలి, రెండు హెల్‌క్యాట్ ఫైటర్లు దాని వెంట పోవాలి. కింది అధికారిని పంపి తాను డెక్ మీద ఉండొచ్చు. నవంబర్ 26 రాత్రి తానే ఎగిరారు. అవెంజర్ రెండు శత్రు విమానాలను కూల్చింది. ఓహేర్ తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆయనకు అప్పటికి 29 ఏళ్లు.

ఆ పని మాత్రం ఆగలేదు. ఏడాది తిరక్కముందే ఇండిపెండెన్స్ నౌకను రాత్రి పోరుకే కేటాయించారు. ఆ తర్వాత ఎంటర్‌ప్రైజ్‌కూ అదే బాధ్యత అప్పగించారు.