పిలుపు కోసం నిలబడ్డవాడు

1922 జనవరి 2న డాలస్‌లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. మన ఫుట్‌బాల్ కాదు, కోలబంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే అమెరికా ఫుట్‌బాల్. ఒక పక్క టెక్సస్ ఎ అండ్ ఎం. అప్పట్లో అది మగపిల్లలు మాత్రమే చదివే, సైనిక శిక్షణ ఇచ్చే కాలేజీ. రెండో పక్క కెంటకీ నుంచి వచ్చిన సెంటర్ కాలేజీ. చిన్న కాలేజీయే గాని, అంతకు రెండు నెలల ముందే హార్వర్డ్‌ని ఓడించి దేశమంతా పేరు మోగించుకుంది.

సగం ఆట కూడా కాకముందే ఎ అండ్ ఎం కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి బయటికొచ్చేశారు. కోచ్ డానా బైబిల్‌కి మనుషులు కరువయ్యేలా ఉన్నారు. పైన విలేఖరుల గదిలో కింగ్ గిల్ అనే విద్యార్థి ఉన్నాడు. ఆ సీజన్‌లో ఫుట్‌బాల్ ఆడి, బాస్కెట్‌బాల్ కోసం జట్టులోంచి తప్పుకున్నవాడు. మైదానంలో ఎవరు ఎవరో విలేఖరికి గుర్తుపట్టి చెబుతున్నాడు. కోచ్ కబురు పెట్టగానే దిగొచ్చాడు. గ్యాలరీ కింద, గాయపడిన ఆటగాడి దుస్తులు తను తొడుక్కుని, గీత పక్కన నిలబడ్డాడు. ఆట ముగిసేదాకా అలాగే ఉన్నాడు. ఎ అండ్ ఎం 22-14తో గెలిచింది. గిల్‌ని దించాల్సిన అవసరం రాలేదు.

అంతే జరిగింది. ఆడని మనిషి పేరు మీద ఒక ఆచారం పుట్టింది. పదకొండు మంది ఆడే ఆటలో, చూసేవాళ్లంతా కలిసి ‘పన్నెండో మనిషి’. జట్టు ఎప్పుడు పిలిచినా సిద్ధమన్న గుర్తుగా విద్యార్థులు ఆటంతా నిలబడే చూస్తారు.

ఆ మాట గిల్‌తోనే పుట్టలేదు. మినెసోటా విశ్వవిద్యాలయం పత్రికలో 1900లోనే కనిపిస్తుంది. గిల్ కథ కూడా రాత్రికి రాత్రి ఊరంతా పాకలేదు. 1939లో పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి మెక్విలెన్ దాన్ని రేడియో నాటకంగా రాశాకే ఇంటింటికీ చేరింది. అయినా ఆచారం ఇక్కడే ఇంతగా వేళ్లూనడానికి ఆ సైనిక శిక్షణే కారణమని నా నమ్మకం. అటెన్షన్‌లో నిలబడటం నేర్చిన పిల్లలకి మూడున్నర గంటలు ఒక లెక్క కాదు. 1960లలో ఆడపిల్లలు చేరారు, శిక్షణ ఐచ్ఛికమైంది. నిలబడటం మాత్రం మిగిలింది.

నేను ఎమ్మెస్ చేసింది అక్కడే. ఉద్యోగం హ్యూస్టన్‌లో అయినా సెప్టెంబరు వచ్చిందంటే మనసు కైల్ ఫీల్డ్ మీదే. సికింద్రాబాద్ నుంచి నాన్న వచ్చినప్పుడు ఆయన్నీ తీసుకెళ్లాను. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం అది. మ్యాచ్ మధ్యలో వార్ హిమ్ పాట మొదలైంది. పక్కవాళ్ల భుజాల మీద చేతులు వేసుకుని వరసలకు వరసలు కుడికీ ఎడమకీ ఊగుతుంటే కాళ్ల కింద సిమెంటు మెట్టు అదరడం మొదలుపెట్టింది. నాన్న ముందున్న కమ్మీ గట్టిగా పట్టుకున్నారు.

“వీళ్లు కూర్చోరా అమ్మా?”

“కూర్చోరు నాన్నా. పిలుస్తారేమోనని.”

గిల్ కథ చెప్పాను. ఆయన కాసేపు విని, “మనకీ ఒకడున్నాడు కదే, వాల్సన్” అన్నారు.

సునీల్ వాల్సన్. సికింద్రాబాద్‌లో పుట్టిన ఎడమచేతి వాటం ఫాస్ట్ బౌలర్. 1983 ప్రపంచ కప్‌కి వెళ్లిన పద్నాలుగు మందిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడనిది ఆయనొక్కడే. జూన్ 25న లార్డ్స్‌లో మనవాళ్లు 183 కొట్టి వెస్టిండీస్‌ని 140కే పడగొట్టిన రోజు కూడా ఆయన ఆ జట్టులోని మనిషే. ఆ తర్వాతా భారత్ తరఫున అంతర్జాతీయ మ్యాచ్ ఆడే అవకాశం ఆయనకి రాలేదు. కపిల్ పట్టిన క్యాచ్ గురించి రాత్రంతా మాట్లాడుకునే మనం, వాల్సన్‌ని క్విజ్ పోటీల్లో ప్రశ్నగా వాడుకుని వదిలేశాం. అది నాకు బాధగా ఉంటుంది. ప్రతి ఆటకీ ఒంటినీ మనసునీ సిద్ధం చేసుకుని, పిలుపు రాకపోయినా మర్నాడు మళ్లీ నెట్స్‌కి వెళ్లడం తేలికైన పని కాదు.

అదే 1983లో, సెప్టెంబరులో, ఎ అండ్ ఎం కోచ్ జాకీ షెరిల్ ఒక సాహసం చేశాడు. స్కాలర్‌షిప్ లేని మామూలు విద్యార్థులతో కిక్‌ఆఫ్ దళం కట్టాడు. పిలుపు ఇస్తే వందల మంది ఎగబడ్డారు. సొంత మైదానంలో కిక్ కొట్టగానే ప్రాణాలకు తెగించి పరుగెత్తేది వాళ్లే. ఇప్పుడు ఆ దళం లేదు గాని, అలాంటి విద్యార్థి ఒకరికి 12 నంబరు జెర్సీ ఇస్తున్నారు. స్టేడియం బయట గిల్ విగ్రహమూ ఉంది.

ఉప్పల్ స్టేడియంలో ఒక స్టాండుకి వాల్సన్ పేరు పెడితే, టికెట్ కొని వెళ్లి మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా అక్కడే నిలబడి చూస్తాను. నాన్న కూడా వస్తానన్నారు.