నరం వెంట నడిచిన రోజులు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు కొంత సంకోచించాను. ఒక పశువైద్య కళాశాలలో, శరీర నిర్మాణ శాస్త్ర విభాగంలో 1974లో అటెండరుగా చేరి, 2009లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పదవీ విరమణ చేసినవాడిని. పండితుడిని కాను. అయినా ముప్పయి అయిదేళ్లు పశువుల నరాలు వెతకడంలో పెద్దలకు చేయందించాను గనుక, ఆ పని చరిత్రను నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

మన వాడుకలో రక్తం పారే గొట్టాన్నీ నరమే అంటాం, నొప్పిని మోసే తంతువునూ నరమే అంటాం. ఈ వ్యాసంలో నరమంటే రెండవది. దాని జాడ తీయడం మనిషికి పాత కోరికే. క్రీస్తు శకం రెండవ శతాబ్దంలో రోము నగరంలో గేలెన్ అనే వైద్యుడు అరుస్తున్న పంది మెడలో ఒక సన్నని నరాన్ని కోసి చూపించాడు. అరుపు ఆగిపోయింది. ఆ నరం మెదడు నుంచి రొమ్ములోకి దిగి, మళ్లీ వెనక్కి తిరిగి గొంతుకు వస్తుంది. ఆ చుట్టుదారిని గేలెన్ వర్ణించాడు.

కంటికి కనిపించే నరం సరే, కనిపించని తంతువు మాటేమిటి? 1850లో లండనులో అగస్టస్ వాలర్ కప్ప నాలుకకు వెళ్లే నరాలను కోసి, కొన్ని రోజుల తర్వాత సూక్ష్మదర్శినిలో చూశాడు. మూల కణం నుంచి వేరుపడిన భాగం చివరిదాకా చితికిపోయి ఉంది. ఆ చితికిన గుర్తుల వెంట పోతే తంతువు దారి తెలుస్తుంది. తెగిన నరమే దారి చెప్పిందన్నమాట. 1873లో ఇటలీలో గోల్గీ వెండి లవణంతో కొద్దిపాటి కణాలను మాత్రమే నల్లగా రంగెక్కించే పద్ధతి కనిపెట్టాడు. స్పెయిను దేశస్థుడు కహాల్ అదే పద్ధతితో ప్రతి నాడీ కణమూ విడివిడిగా ఉంటుందని వాదించాడు. గోల్గీ ఒప్పుకోలేదు. అయినా 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపే ఇచ్చారు.

మా గదిలో ఇంత హంగు లేదు. కబేళా నుంచి తెచ్చిన తల, ఫార్మలిన్ తొట్టి, స్కాల్పెల్, ఫోర్సెప్స్, కిటికీ వెలుతురు. ఫార్మలిన్ ఘాటుకు కళ్ల నీళ్లు కారుతుండగా గంటల తరబడి పొరలు తీయాలి. రక్తనాళం లోపల బోలుగా ఉంటుంది, నరం గట్టి దారంలా ఉంటుంది. కాని మరీ సన్నబడ్డాక నరానికీ, సాలెగూడు వంటి పొరకూ తేడా చేతి వేళ్లకే తెలియాలి. మా పిల్లలు చదివే సిస్సన్, గ్రాస్‌మన్‌ల గ్రంథంలో పెద్దపీట గుర్రానిది. గుర్రానికి కొమ్ములు లేవు! మన రైతుకు కావలసింది కొమ్ముకు వెళ్లే నరం. కొమ్ము క్యాన్సరు వచ్చిన ఎద్దుకు కొమ్ము తీయాలన్నా, మేకపిల్లకు కొమ్ము మొలక కాల్చాలన్నా, ముందు ఆ నరానికి మత్తు ఇవ్వాలి.

1978లో ఒక విద్యార్థి మేక కొమ్ము నరాల మీద పని చేస్తున్నాడు. తల ఒక పక్క శుభ్రం చేసే పని నాది. కంటి వెనుక నుంచి కొమ్ము మొదలుకు వచ్చే నరాన్ని చక్కగా బయటపెట్టాను. కొమ్ముకు ఒకటే నరమని ఆ అబ్బాయి వ్రాసుకున్నాడు. సాయంత్రం పళ్లెం కడుగుతుంటే, నేను పొర అనుకొని గీకేసిన చెత్తలో గట్టి దారపు ముక్క వేలికి తగిలింది. గుండె జారిపోయింది. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. చెత్త పారబోస్తే అడిగేవారు లేరు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి ఆ ముక్కను గాజు గిన్నెలో పెట్టి ప్రొఫెసరు గారి బల్ల మీద ఉంచాను. “పొరపాటు జరిగిందండీ” అన్నాను. ఆయన ఎంతోసేపు చూసి, “రెండో పక్క ముట్టుకున్నావా?” అన్నారు. లేదన్నాను. “అయితే కూర్చోవయ్యా, కలిసి చూద్దాం” అన్నారు. మధ్యాహ్నానికి కనుగుంట లోపలి అంచు నుంచి కొమ్ముకు ఎక్కే రెండో నరం దొరికింది. మేకకు రెండు నరాలకూ మత్తు ఇవ్వాలి. ఒక్కదానికే ఇస్తే పిల్ల నొప్పితో గింజుకుంటుంది. పోనీ మందు పెంచుదామా అంటే అంత చిన్న ప్రాణి తట్టుకోలేదు. నేను ఆ చెత్త పారబోసి ఉంటే, ఆ అబ్బాయి రేపు డాక్టరయ్యాక ఒకచోటే సూది వేసేవాడేమో!

తర్వాత పద్ధతులు మారాయి. 1971లోనే క్రిస్టెన్సన్, ఓల్సన్ అనేవారు హార్స్ రాడిష్ అనే ఘాటైన దుంప నుంచి తీసిన ఎంజైమును ఎలుక పిల్లల కండరంలో ఎక్కించి, అది తంతువు వెంట వెనక్కి ప్రయాణించి వెన్నుపాము కణాన్ని చేరడం చూపించారు. నరాన్ని కోయకుండానే మూలం దొరికింది. తర్వాత మెరిసే రంగులు వచ్చాయి, ఎం.ఆర్.ఐ. యంత్రాలు వచ్చాయి. మన దేశంలో జంతువులపై ప్రయోగాలకు 1998లో ప్రత్యేక నిబంధనలూ వచ్చాయి. గేలెన్ పందిని తలచుకుంటే అది ఎంతో మంచిదనిపిస్తుంది.

పద్ధతి ఏదైనా, కనబడనిది లేదని వ్రాయకూడదన్నది నాకు ఆ గాజు గిన్నె నేర్పిన పాఠం. ఆ అబ్బాయి పుస్తకంలో ‘ఒకటి’ కొట్టివేసి ‘రెండు’ అని దిద్దిన పుట నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ దిద్దుబాటులో నా పేరు లేదు, ఉండనక్కరలేదు. మన సభ్యుల్లో ఇలా తెర వెనుక పనిచేసినవారు ఎందరో ఉన్నారు. వారూ తమ అనుభవాలు వ్రాయాలని కోరుతూ సెలవు తీసుకుంటాను.