కొబ్బరి మోడు మీద నక్షత్రం

1996 నవంబర్ 6 రాత్రి మా ఇల్లు ఎగిరిపోయింది. అమలాపురానికి సముద్రం వైపున్న ఊళ్ళవాళ్ళకి ఆ తేదీ చెప్తే చాలు, మిగతాది వాళ్ళే చెప్తారు. దాదాపు వెయ్యిమంది ప్రాణాలు తీసిన తుపాను అది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. తెల్లారేసరికి మా మాలపేటలో ఒక్క తాటాకు కప్పు మిగల్లేదు. కొబ్బరిచెట్లు కొన్ని వేళ్ళతో సహా లేచిపోయాయి, కొన్ని నడిమికి విరిగి మోడులై నిలబడ్డాయి. కోతకొచ్చిన సార్వా చేను నీళ్ళలో పడుకుంది.

ఇరవై అయిదు రోజుల తర్వాత, డిసెంబర్ 1, ఆదివారం. క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిది. పట్టా కింద కూర్చుని తాతయ్య వెదురుబద్దలతో నక్షత్రం కట్టాడు. రంగు కాగితం దొరకలేదు. సాయం కింద పంచిన బిస్కెట్ పేకెట్ల కాగితాలు అతికించాడు. కరెంటు లేదు కాబట్టి నక్షత్రం కింద లాంతరు వేలాడదీశాడు. దాన్ని కట్టడానికి ఇంటి చూరు లేదు. వాకిట్లో విరిగిన కొబ్బరి మోడుకే కట్టాడు.

ఈమధ్య ఆగమన కాలం చరిత్ర చదువుతుంటే 1839 దగ్గర ఆగిపోయాను. హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిక్ విషెర్న్ అనే పాస్టర్, దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే, ఒక పాత బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టి, రోజుకొకటి వెలిగిస్తూ లెక్క చూపించాడట. ఇవాళ ప్రపంచమంతా చర్చిల్లో కనిపించే ఆగమన దండకి మూలం ఆ చక్రమే. ఆ ఏడాది మొదటి ఆగమన ఆదివారం కూడా డిసెంబర్ 1నే వచ్చింది. దానికి సరిగ్గా ఆరు రోజుల ముందు, నవంబర్ 25న, గోదావరి ముఖద్వారం దగ్గరున్న కోరంగి రేవుని ఉప్పెన ముంచేసింది. ఆ రేవు మళ్ళీ మునుపటిలా కోలుకోలేదు.

నా ఉద్యోగంలో లాగ్ ఫైల్లో రెండు ఘటనలు పక్కపక్కన పడితే కారణం వెతుకుతాం. ఇక్కడ కారణమేమీ లేదు. ఊరికే పక్కపక్కన పడ్డాయి, అంతే. కానీ ఇల్లు లేని పిల్లల కోసం పుట్టిన లెక్క అదని తెలిశాక, మా తాతయ్య నక్షత్రం నాకు కొంచెం వేరేగా కనిపించింది.

నిజానికి ఆ లెక్క మా సంఘంది కాదు. 1836లో ఇంగ్లండ్‌లోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా బయల్దేరి వచ్చారు. ఒకాయన రాళ్ళు చెక్కే మేస్త్రీ, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. పాలకొల్లు, నరసాపురాల్లో స్థిరపడ్డారు. వాళ్ళు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ తర్వాత వశిష్ఠ దాటి కోనసీమలోకి కూడా వచ్చింది. వాళ్ళు బ్రదరెన్ శాఖ వాళ్ళు. ఆ శాఖలో పాదిరీ హోదా లేదు, పండగల క్యాలెండర్ లేదు. ఎవరింట్లోనైనా నలుగురు కూడి రొట్టె విరిస్తే అదే సంఘం. గుడిమెట్టు ఎక్కనివ్వని జనానికి, మీ ఇల్లే గుడి అని చెప్పే మతం ఎంత పెద్ద మాటో ఊహించుకోవచ్చు.

మరి నాలుగు ఆదివారాలు మా ఇంటికి ఎలా వచ్చాయి? మా మామ్మ పుట్టిల్లు రాజమండ్రి వైపు, లూథరన్ కుటుంబం. కోడలిగా వస్తూ ఆ లెక్క తెచ్చుకుంది. సంఘం పెద్దలు పట్టించుకోలేదు, తాతయ్య కాదనలేదు. పైగా సార్వా కోతలు ముగిసే రోజులవి, కూలి ఇంట్లో నాలుగు గింజలుండే కాలం. పెద్దవీధుల్లో నెలగంట పెట్టి సంక్రాంతికి రోజులు లెక్కపెట్టేవారు. మా పేటలో నక్షత్రం కట్టి గోడలకి సున్నం వేసేవాళ్ళం. చరిత్ర పుస్తకాల్లో మిషనరీలు కనిపిస్తారు. మతాన్ని అటకమీది సామానులా సర్దుకుని, ఏడాదికోసారి దించి తుడిచిన మామ్మలు కనిపించరు.

ఆ మతం ఇంట్లోనే ఉండిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు గానీ క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీ. మతం మారితే మాలపేట ఊళ్ళోకి జరగలేదు, కాగితం మాత్రం మారిపోతుంది. అందుకే మా పేటలో చాలామందికి రెండు పేర్లు: సంఘంలో బైబిల్ పేరు, రేషన్ కార్డులో మరో పేరు. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. బావి దగ్గర మా కులాన్ని మర్చిపోనివాళ్ళు, ఆఫీసులో మాత్రం మర్చిపోయామంటే దాన్నేమనాలో కూడా వాళ్ళే చెప్పాలి.

ఆ డిసెంబర్‌లో కేరల్స్ ఉండవనుకున్నాం. ఏ ఇంటి ముందు పాడతారు? కానీ కుర్రాళ్ళు డప్పు, కంజీర పట్టుకుని బయల్దేరారు. కూలిపోయిన ఒక వాకిలి దగ్గర ఎవరో ముందుకి నడవబోతే తాతయ్య ఆపాడు.

"ఒరేయ్, ఇల్లు లేకపోతే ఇంటివాళ్ళు లేరా?"

ఆ రాత్రి మట్టిగుట్టల ముందు కూడా, ఇంటివాళ్ళ పేర్లు పిలిచి మరీ పాడారు. ఇద్దరు చనిపోయిన ఒక వాకిట్లో పాడలేకపోయారు. కాసేపు ఊరికే నిలబడి వచ్చేశారు.

మర్నాటి ఏడాది మా మేనత్త కువైట్ వెళ్ళింది. ఇళ్ళల్లో పని. "స్లాబు ఇల్లు పడితే చాలు, వచ్చేస్తాను" అంది. స్లాబు పడింది. తర్వాత పిల్లల చదువులు, ఆ తర్వాత పెళ్ళిళ్ళు. తను కట్టిన ఇంట్లో అత్త గడిపిన క్రిస్మస్‌లు రెండే. అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన ఆరోజే. ఆవిడ ఆగమన ఆదివారాలు శుక్రవారం నాడే వస్తాయి.

నిరీక్షణ అనే మాటని పుల్పిట్ మీంచి వింటే ఒకలా ఉంటుంది. కోనసీమ ఇళ్ళల్లో దానికి వీసా తేదీ ఉంటుంది, బస్ టికెట్ వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది. ఎదురుచూసేది క్రీస్తు కోసమే, కాదనను. ఆయనతోపాటు ఇంకెవరెవరో కూడా రావాల్సి ఉంది.

పోయినేడు హైదరాబాద్ నుంచి వెళ్ళి నేనే నక్షత్రం కట్టాను. బజార్లో కొన్నది, లోపల ఎల్‌ఈడీ. వీడియో కాల్‌లో అత్తకి చూపించాను. బావుందిరా అంది. ఆగి, "ఫోను కొంచెం ఎడమకి తిప్పు" అంది.

అటువైపు ఏమీ లేదు. మోడు ఎప్పుడో తీసేశారు. అయినా తిప్పాను. అత్త చాలాసేపు చూసింది.