నొప్పికో నంబరు

అర్ధరాత్రి పిల్లవాడు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటాడు. ఇప్పుడైతే సెల్‌ఫోన్ తీసి డాక్టరుగారికి వీడియోలో చూపిస్తాం. "నొప్పి సరిగ్గా ఎక్కడమ్మా?" అంటారాయన. "ఇక్కడేనండీ" అంటాం. ఇక్కడంటే ఎక్కడ? బొడ్డు చుట్టూనా, కుడివైపు కిందనా? అక్కడే వస్తుంది చిక్కంతా!

ఈ చిక్కు మనకే కొత్త కాదు. ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాల ఇల్లాళ్లు దీన్ని ఏనాడో ఎదుర్కొన్నారు. మైళ్లకొద్దీ పశువుల బీళ్లు, నడుమ ఒంటరి ఇల్లు. పొరుగింటికి వెళ్లాలంటేనే పెద్ద ప్రయాణం. ఇక డాక్టరు మాటెందుకు!

జాన్ ఫ్లిన్ అనే క్రైస్తవ మతబోధకుడు ఈ అవస్థలు కళ్లారా చూశాడు. ఆయన పట్టుదల ఫలితంగా 1928 మే నెలలో క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీ నుంచి డాక్టరు విమానమెక్కాడు. బాగానే ఉంది, కానీ ఆయనకు కబురందేదెలా? ఆ ఇళ్లకు కరెంటు లేదు, టెలిఫోను లేదు. ఆల్ఫ్రెడ్ ట్రీగర్ అనే ఇంజనీరు దానికీ ఉపాయం ఆలోచించాడు. సైకిలు తొక్కినట్టు కాళ్లతో తొక్కితే కరెంటు పుట్టి పనిచేసే రేడియో తయారుచేశాడు. 1929 నుంచి అవి ఇళ్లకు చేరాయి. మొదట్లో మోర్స్ సంకేతాలే. కొన్నేళ్లకు మాటలూ వెళ్లసాగాయి.

లూసీ గార్లిక్ అనే నర్సు సలహాతో 1942లో అన్ని ఇళ్లకూ ఒకే తీరు మందుల పెట్టెలు ఏర్పాటయ్యాయి. నోరు తిరగని మందుల పేర్లతో పనిలేకుండా ఒక్కో మందుకూ ఒక్కో నంబరు. శరీరం బొమ్మ ఒకటి, అందులోనూ భాగానికో నంబరు. "ఫలానా నంబరు దగ్గర నొప్పి" అంటే, "ఫలానా నంబరు మందు వెయ్యి" అనేవాడు డాక్టరు. రేడియో గరగరలో ఒక పేరు బదులు మరో పేరు వినబడితే ప్రాణానికే ముప్పు కదా! పైగా ఆ రేడియో చుట్టుపక్కలవాళ్లంతా వినేదే. ఆడవాళ్లు తమ బాధలు అందరి చెవినా పడేలా చెప్పుకోవడానికి ఎంత సిగ్గుపడి ఉంటారో! అలాంటప్పుడు ఒక అంకె ఎంత ఆసరా!

మన చిత్తూరు జిల్లా అరగొండలో 2000లో ఉపగ్రహం ద్వారా దూరాన ఉన్న స్పెషలిస్టులతో వైద్యం మొదలైంది. ఇప్పుడది చేతిలోని ఫోనులోకే వచ్చేసింది. యంత్రాలు మారాయిగాని డాక్టరు అడిగే ప్రశ్న మారలేదు. జవాబు చెప్పాల్సింది నేటికీ రోగి పక్కన కూర్చున్న మనిషే.

అందుకే ఫోను చేసేముందు ఒక కాగితం తీసుకోండి. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, ఏం తిన్నాడు, ఏం మందు వేశాం, జ్వరమెంత... రాసుకోండి. కంగారులో మన నోరు తడబడినా కాగితం తడబడదు.