20 అంగుళాల పీట

వ్యాయామ శాస్త్రం చదివే అమ్మాయికి చిన్న కాలేజీలో ట్రెడ్‌మిల్ దొరక్కపోవచ్చు. స్టెప్ టెస్టుకైతే ఒక పీట, ఒక గడియారం చాలు. 20 అంగుళాల పీట మీదికి నిమిషానికి 30 సార్లు చొప్పున అయిదు నిమిషాలు ఎక్కి దిగాలి. తర్వాత నాడి లెక్కపెట్టాలి. గుండె ఎంత త్వరగా నెమ్మదిస్తే ఒంట్లో అంత సత్తువ ఉన్నట్టు.

ఈ పీటకో చరిత్ర ఉంది. 1943లో దీన్ని రూపొందించింది అమెరికాలోని హార్వర్డ్ ఫెటీగ్ లాబొరేటరీ. 1927 నుంచి 1947 దాకా నడిచిన ఆ ప్రయోగశాల ఉన్నది బిజినెస్ స్కూలు నేలమాళిగలో. కూలి మనిషి ఎంతసేపటికి అలిసిపోతాడన్నది యజమానులకు కావలసిన లెక్క మరి! పీట ఎత్తు యువకుల కోసం పెట్టింది. ఆడపిల్లలకు దాన్ని తగ్గించారు. మగ శరీరం కొలమానం, మనది దానికి సవరణ.

కొలతే లేనిచోట ఊహలు రాజ్యం చేశాయి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తిన స్త్రీలు కుప్పకూలారని పత్రికలు గోలపెట్టాయి. పరుగయ్యాక మగవాళ్లు కూలబడితే ఎవరికీ వింత కాదు. ఆ పందెం స్త్రీలకు మళ్లీ దక్కింది 1960లోనే.

ఇప్పుడు కామారెడ్డికి వద్దాం. ఈ జిల్లా 2016లో ఏర్పడింది. అంతకుముందు నిజామాబాద్‌లో ఉన్న తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. వ్యవసాయ కూలీల బిడ్డ, లంబాడీ పిల్ల. అందరూ అద్భుతమన్నారు. నాకా మాట నచ్చదు. భువనగిరి గుట్ట, డార్జిలింగ్ శిక్షణ, లడఖ్ చలి, గురుకులంలో వేళకింత తిండి - ఇవన్నీ ఆ మాట కింద కనబడకుండా పోతాయి. శిక్షణ అందిన ఆడపిల్ల శరీరం ఏం చేయగలదో అక్కడ తేలింది.

శిక్షణ మాటే లేని శ్రమ సంగతేమిటి? ఎల్లారెడ్డి వైపు మడిలో వంగి, వెనక్కి అడుగులేస్తూ నాట్లు వేసే ఆడవాళ్లున్నారు. కామారెడ్డి ఇళ్లలో చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేవాళ్లున్నారు. వాళ్లకు కూలి వెయ్యి బీడీలకింత అని. లెక్క బీడీలకుంది, నడుముకు లేదు. కూర్చుని చేసే ఆ పనిని పీట ఎక్కించి కొలవలేం కూడా.

ఈ కాలేజీల్లో చదివే పిల్లల్లో కొందరి తల్లులు వీళ్లే. నాట్ల రోజు పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి అమ్మ నాడి లెక్కపెట్టి రాసుకోవచ్చు. నడుము ఎప్పుడు పట్టేసిందో అడిగి పక్కనే రాసుకోవచ్చు.